రాసిన మందులు, ఆపిన మందులు: ఒక స్టేబుల్ ఆంజైనా కేసు

ఆమె నా దగ్గరికి వచ్చింది నొప్పి కోసం కాదు, షుగర్ చూపించుకోవడానికి. వయసు 57. అనంతపురం పాతూరులో చిన్న టిఫిన్ హోటల్ నడుపుతుంది. పొద్దున ఆరుకల్లా ఉగ్గాని, బజ్జీ సిద్ధం కావాలంటే నాలుగింటికే లేవాలి. బొరుగులు నానబెట్టడం, పిండటం, నీళ్ళు మోయడం అంతా తనే. పన్నెండేళ్ళుగా షుగర్, ఆరేళ్ళుగా బీపీ. భోజనం తర్వాత వక్కాకు, దానితో పాటు చిటికెడు పొగాకు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

చీటీ తీసుకుని తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "సార్, గ్యాస్‌కు ఇంకొంచెం మంచి మాత్ర ఏమన్నా ఉంటే రాయండి. ఇది పనిచేయడం ల్యా."

"గ్యాస్ ఎప్పుడు వస్తుందమ్మా?"

"బిందె ఎత్తుకుని మిద్దె మెట్లు ఎక్కితే. ఈడంతా పట్టేసినట్లయితాది, దవడ లాగుతాది. నిలబడితే పోతాది."

మళ్ళీ కూర్చోబెట్టాను.

గ్యాస్‌కు మెట్ల లెక్క తెలియదు. ఆమె ఇంటికి పద్దెనిమిది మెట్లు. నాలుగు నెలల కిందట పైకి చేరాక పట్టేసేదట. ఇప్పుడు తొమ్మిదో మెట్టుకే ఆగాల్సి వస్తోంది. గోడకు ఆనుకుని మూడు నాలుగు నిమిషాలు నిలబడితే తగ్గిపోతుంది. కడుపు నిండా సంగటి తిన్నాక ఎక్కితే ఇంకా తొందరగా వస్తుంది. దవడ నొప్పికి ఒక పన్ను కూడా పీకించుకుంది. అంతకుముందు చూపించుకున్న చోట గ్యాస్ అన్నారు, ఎనిమిది నెలలుగా ప్యాంటోప్రజోల్ వేసుకుంటోంది.

1768లో విలియం హెబెర్డెన్ అనే వైద్యుడు లండన్‌లో తోటి వైద్యుల ముందు ఈ జబ్బును వర్ణించాడు. నడుస్తున్నప్పుడు, అందులోనూ ఎత్తు ఎక్కేటప్పుడు, తిన్న కాసేపటికి రొమ్ములో వచ్చే బాధ, నిలబడగానే మాయమవుతుందని చెప్పాడు. గుండె కండరానికి రక్తం చాలక వచ్చే ఈ బాధకు ఆంజైనా అని పేరు పెట్టింది ఆయనే. రెండున్నర శతాబ్దాల తర్వాత పాతూరులో ఈమె చెప్పింది అచ్చం అదే. రొమ్ములోనో దవడలోనో పట్టేయడం, శ్రమతోనో టెన్షన్‌తోనో రావడం, విశ్రాంతితోనో నాలుక కింద మాత్రతోనో అయిదు నిమిషాల్లో తగ్గడం. మూడూ ఉన్నాయి. ఆడవాళ్ళు "నొప్పి" అనే మాట వాడకపోవచ్చు. ఆయాసం, బరువు, పట్టేయడం, లాగడం అంటారు. మనం "గుండె నొప్పి ఉందా?" అని అడిగితే "లేదు" అని నిజాయితీగానే చెప్తారు.

ఇక్కడ ఒక సందేహం తీర్చుకోవాలి. పద్దెనిమిది మెట్లు తొమ్మిదికి దిగాయంటే నొప్పి ముదురుతున్నట్లు. మరి దీన్ని స్టేబుల్, అంటే నిలకడగా ఉన్న ఆంజైనా, అనవచ్చా? ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి లేదు. నిద్రలో లేపింది లేదు. మార్పు నాలుగు నెలల్లో మెల్లగా వచ్చింది, గత మూడు వారాలుగా ఒకేలా ఉంది. ఆరోజే ఈసీజీ తీశాం, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ చూశాం. ఈసీజీలో చెప్పుకోదగ్గ తేడా లేదు, ట్రోపోనిన్ మామూలుగానే ఉంది. అందుకే ఇంటికి పంపాను. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఆసుపత్రిలో చేర్చేవాణ్ణి. ఆంజైనా ఉన్నవాళ్ళకు విశ్రాంతిలో ఈసీజీ మామూలుగా ఉండటం చాలా తరచు జరిగేదే. "ఈసీజీ బాగుంది, గుండెకేం లేదు" అన్న మాట ఎంతమందిని మోసం చేసిందో!

బీపీ 158/94, నాడి 92. గుండె మీద గొట్టం పెట్టి అయోర్టిక్ కవాటం బిగుసుకున్న శబ్దం ఉందేమోనని విన్నాను, లేదు. కింది కనురెప్ప లాగి చూస్తే మాత్రం సున్నం గోడలా తెల్లగా ఉంది.

పసుపు రంగు క్యారీబ్యాగు

మరునాడు రక్తపరీక్ష రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెమ్మన్నాను. "డాక్టరు రాసినవే కాదమ్మా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా." పసుపు రంగు క్యారీబ్యాగులో తెచ్చి టేబుల్ మీద కుమ్మరించింది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి ఆమ్లోడిపిన్ 5, గ్యాస్‌కు ప్యాంటోప్రజోల్. వాటి మధ్య, పేరున్న వైపు కత్తిరించేసిన స్ట్రిప్పు ముక్క ఒకటి. "అది మోకాళ్ళకు సార్. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. సంవత్సరం పైనే అయింది." వెనక వెండి కాగితం మీద మిగిలిన సగం అక్షరాలు చూసి పోల్చుకున్నాను. డైక్లోఫెనాక్.

రిపోర్టులు: హిమోగ్లోబిన్ 9.2, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) బాగా తక్కువ, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 8.4, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142. థైరాయిడ్, కిడ్నీ సరిగానే ఉన్నాయి.

ఇప్పుడు కథ ఒక వరుసలో పడింది. పీట మీద కూర్చుని బొరుగులు పిండీ పిండీ మోకాళ్ళు అరిగాయి. నొప్పికి డైక్లోఫెనాక్. అది కడుపు లోపలి పొరను ఒరిపి చుక్కచుక్కగా రక్తం పోగొట్టింది. రక్తం తగ్గితే గుండె కండరానికి చేరే ఆక్సిజన్ తగ్గుతుంది, దాన్ని పూడ్చడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది. అసలే రక్తనాళం సన్నబడి ఉంటే తొమ్మిదో మెట్టుకే లెక్క తప్పుతుంది. అదే డైక్లోఫెనాక్ బీపీని పెంచుతుంది, గుండెపోటు ముప్పునూ పెంచుతుంది. కడుపులో మంట కూడా నిజంగానే ఉంది కాబట్టి "గ్యాస్" అన్నవాళ్ళది పూర్తిగా తప్పని కూడా అనలేం. రెండు జబ్బులు ఒకదాని చాటున ఇంకొకటి దాక్కున్నాయి.

నెలసరి ఆగిపోయిన మనిషికి ఐరన్ తక్కువైతే రక్తం ఎక్కడ పోతోందో చూడకుండా ఊరుకోకూడదు. ఆంజైనాకు ఆస్పిరిన్ మొదలుపెట్టబోతున్నాం కాబట్టి ఇంకా ముఖ్యం. ఎండోస్కోపీలో కడుపులో ఒరుపులు కనిపించాయి, పుండు లేదు, రక్తం కారడం లేదు. కడుపులో పుండు పెట్టే హెచ్. పైలోరీ క్రిమి లేదు. కొలనోస్కోపీ కూడా చేయించాం, అందులో ఏమీ లేదు.

డైక్లోఫెనాక్ ఆపేశాను. మోకాళ్ళకు పారాసెటమాల్, పైపూత జెల్, తొడ కండరానికి రెండు వ్యాయామాలు చెప్పాను. పీట తీసేసి ఎత్తు స్టూలు వేసుకోమన్నాను. ఐబుప్రొఫెన్ అయినా సరే వద్దని గట్టిగా చెప్పాను. ఆస్పిరిన్ ప్లేట్‌లెట్ మీద అతుక్కోవాల్సిన చోట అది ముందే కూర్చుని ఆస్పిరిన్ పనిని చెడగొడుతుంది. గ్లిమెపిరైడ్ కూడా ఆపాను. నాలుగింటికి లేచి ఎనిమిది దాకా ఏమీ తినని మనిషికి షుగర్ పడిపోతే గుండె దడ పెరుగుతుంది, ఆంజైనా రేగుతుంది. దాని బదులు ఎంపాగ్లిఫ్లోజిన్ 10. పొయ్యి దగ్గర చెమటోడ్చే పని కాబట్టి నీళ్ళు బాగా తాగాలని, వాంతులు విరేచనాలైన రోజు ఆ మాత్ర ఆపాలని చెప్పాను.

"స్టెంట్ ఎందుకు వేయరు సార్?"

ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలకు నొప్పి వచ్చి ఆగింది, ఈసీజీలో ఎస్‌టీ అనే భాగం 1 మిల్లీమీటరు దిగింది, గుండెకు రక్తం చాలడం లేదనడానికి అదొక సూచన. ఆడవాళ్ళలో ట్రెడ్‌మిల్ ఒక్కోసారి లేని జబ్బును చూపిస్తుంది. అయినా ఈమె లక్షణాలు, షుగర్, పొగాకు చూశాక యాంజియోగ్రామ్ అవసరమనిపించింది. ఎడమవైపు మూల నాళం, అంటే లెఫ్ట్ మెయిన్, మూసుకుపోతోందా లేదా అన్నది తెలియకుండా "మందులు చాలు" అనడం నా వల్ల కాదు. మణికట్టు దగ్గర నుంచి చేశారు. లెఫ్ట్ మెయిన్ శుభ్రంగా ఉంది. ముందు నాళం మధ్యలో 60 నుంచి 70 శాతం, కుడి నాళం చివరి వైపు 70 శాతం. ఎకోలో గుండె పంపింగ్ 60 శాతం, బాగుంది.

బెంగళూరులో పనిచేసే కొడుకు వచ్చాడు. "సార్, అమ్మకు కార్డు ఉంది. స్టెంట్ ఫ్రీగా వేస్తారు. మీరెందుకు వద్దంటారు?" న్యాయమైన ప్రశ్న. డెబ్బై శాతం అడ్డం ఉందని ఫిల్మ్ చూపించి, దాన్ని అలాగే వదిలేద్దామంటే ఏ కొడుకు ఒప్పుకుంటాడు?

అతనికి చెప్పింది ఇది. గుండెపోటు వచ్చి నాళం ఒక్కసారిగా మూసుకుపోయినప్పుడు స్టెంట్ ప్రాణం కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. మీ అమ్మది ఆ పరిస్థితి కాదు. 2007లో 2,287 మందితో జరిగిన కరేజ్ అధ్యయనంలో, 2020లో 5,179 మందితో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో (అందులో మన దేశపు రోగులూ ఉన్నారు), స్టేబుల్ ఆంజైనాకు మంచి మందులతో పాటు స్టెంటో బైపాసో ముందే చేసినా, మందులతోనే మొదలుపెట్టినా, చనిపోయేవాళ్ళ సంఖ్యలో తేడా రాలేదు. కారణం ఉంది. గుండెపోటు ఎక్కువగా వచ్చేది ఫిల్మ్‌లో పెద్దగా కనిపించే అడ్డం దగ్గరే కాదు. 30, 40 శాతమే ఉన్న మెత్తని కొవ్వు గడ్డ పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టినా వస్తుంది. స్టెంట్ ఒక చోట వేస్తాం. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర అన్ని నాళాల్లోకీ వెళ్తుంది.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాను. నొప్పి తగ్గించడంలో స్టెంట్ పనికొస్తుంది. 2023లో వచ్చిన ఆర్బిటా-2లో, ఉత్తుత్తి ప్రొసీజర్‌తో పోల్చి చూసినా స్టెంట్ వేసినవాళ్ళకు ఆంజైనా తగ్గింది. కాబట్టి మూడు నెలలు మందులు సరిగ్గా వాడి, రక్తం పెంచి చూద్దాం, అప్పటికీ మెట్ల మీద ఆగాల్సి వస్తే స్టెంట్ వేయిద్దాం అన్నాను. కార్డియాలజిస్టుదీ అదే మాట. ఇంకో ముక్క: స్టెంట్ వేస్తే కొన్ని నెలల పాటు రక్తం పలచబడే మందులు రెండు కలిపి వాడాలి. ఒరిసిపోయిన కడుపు, 9.2 హిమోగ్లోబిన్ ఉన్న మనిషికి అది చిన్న విషయం కాదు. కొడుకు పూర్తిగా ఒప్పుకోలేదు, సరే అన్నాడంతే.

గీతకు పైన, గీతకు కింద

చీటీ మధ్యలో అడ్డంగా గీత గీశాను. గీతకు పైన నొప్పి మందులు: మెటోప్రొలాల్ సక్సినేట్ 25, అంతకుముందు నుంచే ఉన్న ఆమ్లోడిపిన్ 5, అవసరానికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ 5. గీతకు కింద గుండెపోటు రాకుండా చూసేవి: అటోర్వాస్టాటిన్ 40, ఆస్పిరిన్ 75, టెల్మిసార్టన్ 40, ఎంపాగ్లిఫ్లోజిన్.

మెటోప్రొలాల్‌ను పైన ఎందుకు పెట్టానని తోటి డాక్టరు ఒకాయన అడిగారు. ముందు గుండెపోటు రాని, పంపింగ్ బాగున్న మనిషికి మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ నాడిని తగ్గించి నొప్పిని ఆపుతుంది. ఆయుష్షు పెంచుతుందనడానికి ఆధారం లేదు. అయినా నా మొదటి ఎంపిక అదే, ఎందుకంటే ఈమె నాడి 92. రెండు వారాలకు 50 చేశాను, నాడి 60కి వచ్చింది. ఒకటే హెచ్చరిక: దాన్ని ఒక్కసారిగా మానకూడదు, నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. బీటా బ్లాకర్‌కు ఆమ్లోడిపిన్ జత పడుతుంది, వెరపమిల్ పడదు. ఆ రెండూ కలిస్తే గుండె మరీ నెమ్మదించి ఆగిపోయే దాకా పోవచ్చు. ఇవి చాలకపోతే పొద్దున ఒకసారి ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్, నికోరాండిల్, రానోలాజిన్ ఉన్నాయి. ఈమెకు అంతదూరం పోలేదు.

ఆస్పిరిన్‌ను మూడు వారాలు ఆలస్యంగా, కడుపు కుదుటపడ్డాక మొదలుపెట్టాం. కడుపు బాగాలేదు కాబట్టి ఆస్పిరిన్ బదులు రక్తం గడ్డకట్టకుండా చూసే ఇంకో మందు క్లోపిడోగ్రెల్ ఇద్దామనే ఆలోచన చాలామందికి వస్తుంది. 2005లో హాంకాంగ్‌లో, ఆస్పిరిన్‌తో పుండు పడి రక్తం పోయి మానినవాళ్ళను పరిశీలిస్తే, క్లోపిడోగ్రెల్ వాడినవాళ్ళలో 8.6 శాతం మందికి మళ్ళీ రక్తం పోయింది. ఆస్పిరిన్‌తో పాటు ఎసోమెప్రజోల్ (ప్యాంటోప్రజోల్ లాంటిదే) వాడినవాళ్ళలో 0.7 శాతం మందికే. కాబట్టి ఆస్పిరిన్, దానికి కాపలాగా ప్యాంటోప్రజోల్. ఎనిమిది నెలలు తప్పు కారణానికి మింగిన మాత్ర ఇప్పుడు సరైన కారణానికి కొనసాగింది.

ఆ కాపలా మాత్ర ఇంకో చోట అడ్డం పడింది. ఐరన్ మాత్రలు నెల రోజులు ఇస్తే హిమోగ్లోబిన్ 9.2 నుంచి 9.6కే కదిలింది. ప్యాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తే ఐరన్ ఒంటికి పట్టదు. పైగా ఆమె మాత్ర వేసుకునేది టీతో! నరానికి ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ మందు 1000 మిల్లీగ్రాములు ఎక్కించాం. ఆరు వారాలకు 11.8.

నేను చెప్పని మాట

మూడో వారంలో ఫోన్. "సార్, ఆ నాలుక కింద మాత్రకు కళ్ళు తిరిగి పడబోయినా."

బజ్జీల గిరాకీ మీద ఉండగా రొమ్ము పట్టేసింది. బాణలిలో నూనె మసులుతోంది. ఒక చేత్తో జల్లిగరిటె పట్టుకునే రెండో చేత్తో మాత్ర నాలుక కింద పెట్టుకుంది. రెండు నిమిషాలకు కళ్ళు చీకట్లు కమ్మాయి. పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతున్న అమ్మాయి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది కాబట్టి సరిపోయింది. ముందుకు తూలి ఉంటే ఎదురుగా ఉన్నది బాణలి.

తప్పు నాదే. "నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకో" అన్నాను. కూర్చుని పెట్టుకోమని చెప్పలేదు. ఈ మందు నరాలను వదులు చేస్తుంది, రక్తం కాళ్ళలోకి దిగుతుంది, నిలబడి ఉంటే బీపీ పడిపోతుంది. అందులోనూ పొయ్యి వేడికి చెమటోడ్చిన ఒళ్ళు. ఇరవై ఏళ్ళుగా రాస్తున్న మందు, చెప్పాల్సిన మొదటి మాటే చెప్పలేదు.

ఇప్పుడు ఎవరికి రాసినా ఎదురుగా చేసి చూపిస్తాను. పని ఆపు. పొయ్యి ఆర్పు. గోడకు ఆనుకుని కూర్చో. మాత్ర నాలుక కింద పెట్టు, మింగకు, నీళ్ళు తాగకు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే ఇంకోటి పెట్టుకుని 108కి ఫోన్ చెయ్యి. తల దిమ్ముగా పోటు పెడితే భయపడకు, అది మందు పనిచేస్తున్న గుర్తు. మెట్లెక్కే ముందు, నొప్పి రాకముందే ఒకటి పెట్టుకోవచ్చు. మగవాళ్ళకైతే ఇంకో మాట, గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకుని: సిల్డెనాఫిల్ వేసుకుంటే 24 గంటలు, టడలాఫిల్ వేసుకుంటే 48 గంటలు ఈ మాత్ర తాకకూడదు, రెండూ కలిస్తే బీపీ ప్రాణాపాయం దాకా పడిపోతుంది. సిగ్గుపడి అడగకపోతే నష్టం వాళ్ళకే.

ఆమె ఆపిన మందులు

మూడు నెలలకు పద్దెనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కింది. బీపీ 132/80, ఎల్‌డీఎల్ 76. రక్తం పెరగడం వల్ల ఎంత, మెటోప్రొలాల్ వల్ల ఎంత, డైక్లోఫెనాక్ ఆపడం వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను. బిందె మోయడం మానేసి మిద్దె మీదికి పైపు వేయించుకోవడం కూడా లెక్కలోకి రావాలి. స్టెంట్ మాట కొడుకు మళ్ళీ ఎత్తలేదు.

ఆరో నెలలో ఎల్‌డీఎల్ 138. మొదట ల్యాబ్ పొరపాటేమో అనుకున్నాను. క్యారీబ్యాగు తెమ్మన్నాను. గీతకు పైనున్న మాత్రలు లెక్క ప్రకారం అయిపోయాయి. కింది వాటిలో అటోర్వాస్టాటిన్, ఆస్పిరిన్ స్ట్రిప్పులు రెండున్నర నెలలుగా కదల్లేదు.

"నొప్పి ల్యాకపాయ కదా సార్. అవి వేసుకున్నా ఒకటే, వేసుకోకున్నా ఒకటే. స్టాటిన్‌తో కండరాలు కరిగిపోతాయని ఫోన్‌లో ఎవరో చెప్తాండ్రి."

ఆమె తర్కంలో లోపం లేదు. మెటోప్రొలాల్ మానిన పూట దడ వస్తుంది, దాని పని ఆమెకు తెలుస్తోంది. స్టాటిన్ చేసే పని కంటికీ ఒంటికీ తెలియదు. రాని గుండెపోటును ఎవరు చూశారు? గీత గీసి ఇచ్చానని నేను సంతోషపడ్డాను, ఆమె ఆ గీత దగ్గరే ఆగిపోయింది.

అప్పుడు అంకెలతో చెప్పాను, బొరుగుల శేరు లెక్కలు వేసే మనిషికి అంకెలు అర్థమవుతాయి. 1994లో స్కాండినేవియాలో 4,444 మందికి, అంతా ఆంజైనా ఉన్నవాళ్ళో గుండెపోటు వచ్చి బతికినవాళ్ళో, సగం మందికి సింవాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి అయిదేళ్ళ పైన చూశారు. ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో నూటికి 12 మంది పోయారు, మందు వాళ్ళలో 8 మంది. "మీ హోటల్‌కు రోజూ వచ్చే నూరుమందిలో నలుగురు మిగిలినట్లు." ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆ నలుగురు ఎవరో తెలియదు కదా సార్" అంది. తెలియదు. అందుకే నూరుమందీ వేసుకోవాలి. కండరాల నొప్పి నిజంగా వస్తే చెప్పమన్నాను, మందు మార్చడానికి, డోసు తగ్గించడానికి దారులున్నాయి. ఆమెకు ఆ నొప్పి రానేలేదు, విన్నది మాత్రమే. స్టాటిన్ మళ్ళీ మొదలుపెట్టి, ఎల్‌డీఎల్‌ను 70 లోపుకు దించడానికి ఇంకో కొలెస్ట్రాల్ మందు ఎజెటిమైబ్ 10 కలిపాను. రెండు నెలలకు 57.

తిండి విషయంలో పెద్దగా గెలవలేదు. ఉగ్గానిలో నూనె సగం చేసింది, తను తినేదాంట్లో మాత్రమే. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు ఎటూ ఇంట్లో ఉన్నవే. ఊరగాయ తగ్గింది. బజ్జీల నూనె మళ్ళీ మళ్ళీ కాచొద్దంటే "గిట్టుబాటు కాదు సార్" అంది. పొగాకు రోజుకు ఆరుసార్ల నుంచి ఒకసారికి వచ్చి అక్కడే ఆగింది. సాయంత్రం నలభై నిమిషాలు నడుస్తోంది. ఏటా ఫ్లూ టీకా వేయించుకోమంటే ఈసారి వేయించుకుంది.

పద్నాలుగో నెల విజిట్‌లో బీపీ 128/78, నాడి 60, హిమోగ్లోబిన్ 12.4, హెచ్‌బీఏ1సీ 7.1. సార్బిట్రేట్ నెలకు ఒకటి కూడా పడటం లేదు. గడువు తేదీ చూద్దామని స్ట్రిప్పు అడిగాను. నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలోంచి తీసింది. పోయినసారి చూసినప్పటికంటే రెండు తక్కువ.

"రెండుసార్లు వచ్చిందా?"

"నాకు ఒకసారే సార్. ఇంకోటి పక్కింటామెకు ఇచ్చినా. ఆమెకు గ్యాస్ ఎక్కువ. నీళ్ళు మోసుకొస్తా రొమ్ము పట్టుకుని కూలబడింది. కూర్చోబెట్టే ఇచ్చినా సార్, నిలబెట్టి కాదు. అయిదు నిమిషాలకు తగ్గిపాయ."

ఈ మాత్రతో తగ్గినంత మాత్రాన అది గుండెదే అని చెప్పలేం. అన్నవాహిక బిగుసుకుని వచ్చే నొప్పి కూడా దీనితో తగ్గుతుంది. మరొకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదని చెప్పాను, తల ఊపింది.

"ఆమె వయసెంత?"

"నాకంటే రెండేళ్ళు పెద్ద. షుగర్ ఉంది."

రేపు పొద్దున హోటల్ మూశాక ఆమెను వెంటబెట్టుకుని రమ్మన్నాను. మాత్రల క్యారీబ్యాగుతో సహా.